గంగకు పట్టింది దయ్యం కాదు!

ఆదివారం అన్నాలు తిని, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చి టీవీ పెడితే 'చంద్రముఖి' వస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. అయినా బజారుకు పోతానన్న గంగను భర్త వద్దని ఆపే సీను రాగానే చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. జ్యోతిక కళ్లు పెద్దవవుతాయి. గొంతు మారిపోతుంది. మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తేస్తుంది! పక్కన కూర్చున్న పిల్లలు మన కొంగు పట్టుకుంటారు. "అదంతా ఉత్త సినిమారా" అని వాళ్లకు ధైర్యం చెబుతాం గానీ మన గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంటుంది. అవునా, కాదా?

ఎందుకంత భయం? తెల్లచీర దయ్యాలు, కిర్రుమనే తలుపులు మనకు కొత్తేం కాదు. అవి చూసి జడుసుకున్నా, కాసేపటికి నవ్వుకుంటాం. గంగను చూస్తే మాత్రం అలా నవ్వుకోలేం. ఆమె శ్మశానం నుంచి వచ్చిన మనిషి కాదు మరి. ఆ ఇంటి ఇల్లాలు. పొద్దున్న అందరితో నవ్వుతూ మాట్లాడిన మనిషి రాత్రికి తనెవరో తనకే తెలియకుండా పోతుంది. "నాకూ ఇలా అయితే?" అన్న ప్రశ్న ఎక్కడో మన లోపల మెదులుతుంది. ఆ సినిమా పట్టుకున్నది సరిగ్గా ఆ నరాన్నే!

ఒక్క కథ, నలుగురు నాయికలు

ఈ కథ పుట్టింది కేరళలో. మధు ముట్టం రాయగా, ఫాజిల్ దర్శకత్వంలో 1993 డిసెంబరులో 'మణిచిత్రతాళు' అనే పేరుతో మలయాళంలో వచ్చింది. గంగగా శోభన నటించి జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకుంది. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర' అయింది. అందులో గంగ ఎవరో గుర్తుందా? మన సౌందర్య! ఆ సినిమా విడుదల కాకముందే, ఆ ఏడాది ఏప్రిల్ 17న, బెంగళూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన విమానం కూలి ఆమె కన్నుమూసింది. మరుసటి ఏడాది, 2005లో, పి.వాసు దర్శకత్వంలోనే తమిళంలో 'చంద్రముఖి' వచ్చింది, తెలుగులోకీ డబ్ అయింది. 2007లో హిందీలో విద్యాబాలన్ 'భూల్ భులయ్యా' చేసింది.

ఇందులో మనకు సంబంధించిన విశేషం ఒకటుంది. కన్నడ గంగకూ, తమిళ గంగకూ పూనిన ఆ నాట్యకత్తె మాట్లాడేది తెలుగే! 'రారా' అంటూ పిలిచేదీ తెలుగులోనే. ఎక్కడి నుంచో బలవంతంగా తెచ్చి, తన భాష తెలియని మనుషుల మధ్య ఒక గదిలో ఉంచిన ఆడమనిషి కథ అది. పుట్టింటి మాట, పుట్టింటి మనుషులు దూరమై కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా? ఆ పాట మొదలుకాగానే గొంతులో ఏదో అడ్డుపడేది అందుకేనేమో!

ఇక కథ చెప్పే తీరు చూడండి. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశాడు. అందులో రేవతికి నిజంగానే ఆత్మ పూనుతుంది, దాన్ని వదిలించడానికి మంత్రగాడు రావాలి. అంతకుముందు, 1980లలో, 'తులసిదళం' సీరియల్ కోసం వారం వారం ఎదురుచూసిన పాఠకురాళ్లకు చేతబడి అంటే ఎంత వణుకో చెప్పనక్కర్లేదు. గంగ కథలో మాత్రం దయ్యమే లేదు. ఉన్నది ఒక జబ్బు. దాన్ని కనిపెట్టేవాడు మానసిక వైద్యుడు. మన ఇళ్లల్లో ఇంతగా చూసిన సినిమా ఒకటి "ఇది దయ్యం కాదు, డాక్టరును పిలవండి" అని చెప్పడం చిన్న సంగతి కాదు. కానీ మనం భయం గుర్తు పెట్టుకున్నాం, ఆ మాట మరిచిపోయాం.

అనుమానం ఎవరి మీద పడిందో చూశారా?

ఈసారి సినిమా వచ్చినప్పుడు ఒక సంగతి గమనించండి. ఆ ఇంట్లో గాజు పగిలినా, చీర అంటుకున్నా అందరి వేళ్లూ ఎవరి వైపు చూపిస్తాయి? నయనతార వేసిన దుర్గ వైపు. తోటమాలి మనవరాలు, అడిగే దిక్కు లేని పిల్ల. అసలు బాధపడుతున్న గంగను ఎవరూ గమనించలేదు. ఏ పాపం తెలియని దుర్గను మాత్రం అందరూ దోషిని చేశారు.

సినిమా కాబట్టి చివర్లో దుర్గ బయటపడింది. మన ఊళ్లల్లో అలా బయటపడని దుర్గలు ఎందరో! 1980లలో తెలంగాణ పల్లెల్లో బాణామతి భయం ఎంతగా పాకిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఉన్నట్టుండి ఒక ఆడపిల్ల అరుస్తుంది, మొరుగుతుంది, పడిపోతుంది. ఆమెను చూసి ఇంకొకామె. "ఎవరో చేసిండ్రు" అనుకోగానే ఒంటరి ముసలమ్మ మీదో, మొగుడు పోయిన ఆడమనిషి మీదో, బీదింటివాళ్ల మీదో నింద పడేది. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో కొట్టిన, చంపిన వార్తలు ఆ తరువాత కూడా పేపర్లలో వస్తూనే ఉన్నాయి. ఒక మనిషికి జబ్బు చేస్తే మరో మనిషి ప్రాణం పోవడం... దానికన్నా పెద్ద హారర్ ఏముంటుంది చెప్పండి?

మరి ఆలేరులో అయితే?

సినిమాలో రాజమహల్ ఉంది, ఏళ్ల తరబడి తాళం వేసిన గది ఉంది. మన ఊళ్లల్లో రెండు గదుల ఇల్లు, ముందు వసారా, పక్కన మగ్గం. ఆలేరే తీసుకోండి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే రైలు దారిలో ఉన్న ఊరు. ఇటు యాదగిరిగుట్ట, అటు కొలనుపాక. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. అలాంటి ఊళ్లో ఒక ఇంటి కోడలికి గంగలాగే మనసు చెదిరిందనుకుందాం. ఏమవుతుంది?

మొదట నిద్ర పోతుంది. ఎవరూ పట్టించుకోరు. తరువాత కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది, పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. "ధ్యానం ఎక్కడున్నదే పిల్లా?" అని అత్తమ్మ కసురుతుంది. ఆ తరువాత ఒక్కతే కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటుంది, పక్కింటోళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారంటుంది. అప్పుడు వాడకట్టు అవ్వ వచ్చి, "బిడ్డకు గాలి సోకినట్టున్నది, తాయెత్తు కట్టించుండ్రి" అంటుంది. తాయెత్తు అయ్యాక దిష్టి, దిష్టి అయ్యాక కోడి, కోడి అయ్యాక ఎక్కడో పేరున్న భూతవైద్యుడు. ఈలోపు ఆరు నెలలు గడిచిపోతాయి. చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ, చేతికున్న రెండు గాజులూ పోతాయి. జబ్బు మాత్రం ముదురుతుంది.

అవ్వను తప్పు పట్టనక్కర్లేదు. ఆమెకు తెలిసిన మందు ఆమె చెప్పింది. 'గాలి' అనే మాటలో ఒక మంచి కూడా ఉంది. తప్పు ఆ పిల్లది కాదు, బయటి నుంచి వచ్చిందేదో పట్టింది అంటుంది ఆ మాట. అదే డాక్టరు దగ్గరికంటే "పిచ్చిది" అన్న ముద్ర పడుతుందని అందరికీ భయం. కోపం వస్తే "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అని తిట్టుకునే మనం, అవసరం వచ్చినప్పుడు ఆ ఎర్రగడ్డ ఆసుపత్రి మెట్లు ఎక్కడానికి జంకుతాం. మన నోటి మాటే మన దారికి అడ్డం పడిందన్నమాట!

బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వాళ్లలో నూటికి 80 మందికి పైగా ఏ చికిత్సా అందనివాళ్లే. మన వాడకట్టులో ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెట్టి చూడండి, సంగతి అర్థమవుతుంది.

పూనకం వేరు, జబ్బు వేరు

"అయితే బోనాలప్పుడు శిగం ఊగేవాళ్లందరూ జబ్బు మనుషులేనా?" అని మీరు అడగవచ్చు. కానే కాదు. డాక్టర్లూ అలా అనరు. పండుగనాడు, డప్పు చప్పుళ్ల మధ్య, అమ్మవారి ముందు వచ్చే పూనకానికి ఒక వేళ ఉంది, ఒక చోటు ఉంది. హారతి ఇవ్వగానే దిగుతుంది. మరునాడు ఆమె మామూలుగా పొలానికి పోతుంది, వంట చేసుకుంటుంది. అది ఆచారం.

వేళ కాని వేళ వచ్చి, దిగకుండా ఉండి, తిండినీ నిద్రనూ పనినీ పాడుచేస్తే అది జబ్బు. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకుంటే చాలు.

బాలింత ఇంట్లో ఉంటే...

ఇది మాత్రం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన సంగతి. కాన్పయిన తరువాత నాలుగు రోజులు ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందికి మామూలే, అదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డాక్టరుకు చూపించాలి. కానీ వెయ్యి కాన్పులకు ఒకరిద్దరికి దీనికన్నా తీవ్రమైన జబ్బు వస్తుంది. చాలావరకు మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. పసిబిడ్డ నిద్రపోయినా తల్లి కన్ను మూయదు. మాటలు పొంతన లేకుండా పోతాయి. గంటకోలా మారిపోతుంది. "వీడు నా కొడుకు కాదు, మార్చేసిండ్రు" అంటుంది. చెవిలో ఎవరో ఏదో చెయ్యమంటున్నారని చెబుతుంది.

మన పెద్దవాళ్లు దీన్ని "బాలింత గాలి" అనో, "వాతం చేసింది" అనో కషాయాలతో సరిపెడతారు. దయచేసి అలా ఆగకండి! గుండెనొప్పి వస్తే ఎంత తొందరగా పరుగెత్తుతారో అంత తొందరగా, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ స్థితిలో తల్లికీ, బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే. బిడ్డతో ఆమెను ఒంటరిగా వదలకూడదు. అలాగని బిడ్డను లాగేసుకుని "రాక్షసి" అని తిట్టనూ కూడదు. సకాలంలో మందులు పడితే చాలామంది పూర్తిగా కోలుకుని బిడ్డను చక్కగా పెంచుకుంటారు. రెండో కాన్పుకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మరిచిపోకండి.

చెయ్యి నొప్పి కనిపించింది, మరి మనసు నొప్పి?

ఆలేరు మండలం శారాజీపేట పేరు విన్నారా? చింతకింది మల్లేశం గారి ఊరు అది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే వాళ్ల అమ్మ లక్ష్మి గారు చేతిని తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలసార్లు! అమ్మ భుజం నొప్పి చూడలేక కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది.

ఆ నొప్పి ఎన్ని తరాలుగానో ఉంది. ఇంటింటా ఉంది. "ఆడోళ్లకు ఇది మామూలే" అని అందరూ అనుకున్నారు. ఒక్క మనిషి మాత్రం "ఇది మామూలు ఎట్లయితది?" అనుకున్నాడు. అంతే తేడా.

మనసు నొప్పి కూడా అలాంటిదే. కాకపోతే ఇంకా లోపల ఉంటుంది. మలయాళం గంగ చిన్నప్పుడు తల్లిదండ్రులు కలకత్తాలో, తాను పల్లెలో నానమ్మ దగ్గర. ఆ దిగులును ఎవరూ చూడలేదు. సినిమాలో డాక్టరు అందరిలా గదిలో దయ్యాన్ని వెతకలేదు. ఆమె పుట్టిపెరిగిన ఊరికి వెళ్లి, ఆమె బాల్యం గురించి అడిగి తెలుసుకున్నాడు. ఆమె గురించి ఎవరైనా అడగడం బహుశా అదే మొదటిసారి!

1960లో సావిత్రి నటించిన 'చివరకు మిగిలేది' గుర్తున్నవాళ్లు ఉంటారు. అందులో ఆమె మానసిక ఆసుపత్రిలో నర్సు. రోగులకు ప్రేమను పంచి నయం చేస్తుంది, చివరకు ఆమె మనసే చెదిరి అదే ఆసుపత్రిలో రోగిగా చేరాల్సి వస్తుంది. అందరికీ సేవ చేసే మనిషికి సేవ ఎవరు చెయ్యాలన్నదే ఆ సినిమా అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న ఇంటి ఇల్లాలికి కూడా వర్తిస్తుంది కదూ?

సినిమాను ఎక్కడ నమ్మకూడదు?

మంచి చెప్పుకున్నాం కాబట్టి తప్పులు కూడా చెప్పుకుందాం.

ఒకటి: సినిమాలో రెండు మనుషులుగా మారిపోయే జబ్బు నిజ జీవితంలో చాలా అరుదు. మనం ఎక్కువగా చూసేవి దిగులు జబ్బు, ఆందోళన, లేనిపోని అనుమానాలు, మాటలు వినిపించే స్కిజోఫ్రీనియా వంటివి. స్కిజోఫ్రీనియా అంటే ఇద్దరు మనుషులుగా మారడం అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు.

రెండు: ఒక్క రాత్రిలో నయం కాదు. సినిమాలో ఒక నాటకం ఆడి, బొమ్మను ముందు పెట్టి పగ తీరినట్టు నమ్మించగానే గంగ మామూలు మనిషి అయిపోతుంది. నిజానికి మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. షుగరుకూ, బీపీకీ వాడినట్టే డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి.

మూడు: ఇలాంటి వాళ్లు అందరినీ చంపుతారన్నది సినిమా భయం. జబ్బుపడిన వాళ్లలో ఎక్కువమంది ఎవరికీ హాని చెయ్యరు. పైగా దెబ్బలు తినేది వాళ్లే.

నాలుగు: పిచ్చి అనగానే సినిమావాళ్లకు ఆడమనిషే గుర్తొస్తుంది. ఈ జబ్బులు మగవాళ్లకూ వస్తాయి. మీ ఇంట్లో మీ ఆయనో, మరిదో, కొడుకో నిద్రపోకుండా తిరుగుతుంటే "తాగి తిరుగుతున్నడు" అని కొట్టిపారేయకండి.

మరేం చెయ్యాలి?

వంటింట్లో పోపుల పెట్టె దగ్గర పెట్టుకోదగ్గ నాలుగు మాటలు ఇవి.

నిద్రను కనిపెట్టండి. వరుసగా కొన్ని రాత్రులు కన్ను మూతపడకపోవడం చాలా జబ్బులకు మొదటి గుర్తు. తిండి మానడం, స్నానం మానడం, నలుగురిలోకి రాకపోవడం, చనిపోవాలని ఉందనడం - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకండి.

వాదన పెట్టుకోకండి. "నీకెవరూ వినబడటం లేదు, అంతా నటన" అంటే ఆమె ఇంకా ముడుచుకుపోతుంది. "నీకు భయంగా ఉంది కదా బిడ్డా, నేనున్నా" అంటే చాలు.

కట్టేయకండి, కొట్టకండి, పొగ పెట్టకండి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదలలేక కాలిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టడం కూడా నిషేధమే. కాబట్టి సినిమాల్లో చూపే ఆ షాకుల సీన్లు తలచుకుని ఆసుపత్రికి భయపడకండి.

గుడికి పోవాలనుకుంటే పొండి, ఎవరూ కాదనరు. సినిమాలో ఆచారి గారూ, డాక్టరు గారూ పక్కపక్కనే నిలబడి గంగను కాపాడారు కదా! కాకపోతే మొక్కు తీరాక చూపిద్దామని డాక్టరును వెనక్కి నెట్టకండి. మొక్కు ముడుపు కట్టిన రోజునే ఆసుపత్రికి కూడా పొండి.

ఎక్కడికి పోవాలి? మొదట మీకు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఆలేరు వైపు వాళ్లకు హైదరాబాద్ పోయే రైలు దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉండనే ఉంది. అంతదూరం పోలేకపోతే, నలుగురికీ తెలుస్తుందని భయమైతే, 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ కోసమైనా సరే, మీ ఇంట్లోవాళ్ల కోసమైనా సరే. ఆ నంబరు గ్యాస్ బుక్ మీద రాసి పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఆ సినిమాలో గంగ బతికి బయటపడటానికి డాక్టరు తెలివి ఒక్కటే కారణం కాదు. ప్రభు వేసిన భర్త పాత్రను గమనించండి. తనను చంపబోయిన భార్యను చూసి "పిచ్చిది, పుట్టింటికి పంపించేస్తా" అనలేదు. ఆమె జబ్బును ఆమె నుంచి వేరుచేసి చూశాడు. చుట్టపక్కాల ముందు ఆమె చెయ్యి వదల్లేదు. మన ఇళ్లల్లో జబ్బుపడిన కోడళ్లకు దొరకనిది చాలాసార్లు ఆ ఒక్క చెయ్యే.

కాబట్టి ఈసారి టీవీలో గంగ కళ్లు ఎర్రబడ్డప్పుడు పిల్లలు అడిగితే, "అది దయ్యం కాదురా, ఆ అమ్మకు ఒంట్లో బాగాలేదు, డాక్టరు తగ్గిస్తాడు" అని చెప్పి చూడండి. ఈ ఒక్క మాట చిన్నప్పుడే విన్న పిల్లలు రేపు పెద్దయ్యాక తమ ఇంటి గంగను భూతవైద్యుడి దగ్గరికి ఈడ్చుకుపోరు. ఏ దిక్కూ లేని దుర్గ మీద రాయి వెయ్యరు.

మరి మీరేమంటారు?